తీగ చెప్పిన మాట

మీట నొక్కగానే రోజూ వచ్చే తెర రాకుండా, నల్లని నేపథ్యం మీద ఒకే ఒక వాక్యం ప్రత్యక్షమవుతుంది. విద్యుత్తు ఆపివేసి, ఈ గ్రాఫిక్స్ కార్డుకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ పవర్ కేబుళ్ళు తగిలించవలసిందని దాని సారాంశం. ఆంగ్లంలో, అన్నీ పెద్దక్షరాలలో ఉంటుంది గనుక ఎవరో గద్దించినట్టు అనిపిస్తుంది గాని, నిజానికి ఆ వాక్యం "దయచేసి" అనే మొదలవుతుంది. డెస్క్‌టాప్ కంప్యూటరును సొంతంగా అమర్చుకున్నవారికీ, అంగడిలో అమర్పించుకున్నవారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ వాక్యంతో పరిచయం కలగకపోదు. కలగగానే చాలామంది చేసే మొదటి పని విసుక్కోవడం. రెండో పని, అది ఎలాగోలా కనబడకుండా పోయే ఉపాయం వెదకడం.

నా మట్టుకు నాకు, యంత్రం మనిషితో ఆడే మాటలలో ఇంతకంటె సంస్కారవంతమైనది మరొకటి కనబడదు. ఏమి తక్కువైందో చెప్పింది. ఏం చేయాలో చెప్పింది. ఆ పని చేసేముందు విద్యుత్తు ఆపమని కూడా చెప్పింది. చెప్పి, ఏ నష్టమూ జరగకుండా అక్కడే ఆగిపోయింది. మనుషులలోనే ఇంత క్లుప్తంగా, ఇంత ఉపయోగకరంగా మాట్లాడేవారు అరుదు.

హెచ్చరిక అనేది లోపం కాదు, లోపాన్ని నష్టంగా మారనివ్వని ఏర్పాటు. మనం భయపడవలసింది హెచ్చరించే కార్డును చూసి కాదు, హెచ్చరించే శక్తిని పోగొట్టుకున్న కార్డును చూసి. విచిత్రమేమిటంటే, ఇటీవలి సంవత్సరాలలో వచ్చిన అత్యంత ఖరీదైన కార్డులు సరిగ్గా ఆ శక్తినే పోగొట్టుకున్నాయి. ఈ రెండు సంగతులనూ కాస్త వివరంగా చెప్పాలని ఈ ప్రయత్నం.

ఇంతకీ గ్రాఫిక్స్ కార్డుకు విడిగా ఒక తీగ ఎందుకు? మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే స్లాటు ఇవ్వగలిగిన విద్యుత్తు 75 వాట్లకు మించదు. చిన్న కార్డులకు అది సరిపోతుంది. పెద్ద కార్డులు రెండు వందలు, మూడు వందలు, ఇప్పుడు ఐదారు వందల వాట్ల దాకా తాగుతున్నాయి. ఇంట్లో దీపాలకు వేసిన సర్వీసు తీగ మీద పొలంలో మోటారు నడవదు కదా. దానికి వేరే లైను లాగవలసిందే. అలాగే ఈ కార్డులకు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వేరే కేబులు కావాలి. పాత పద్ధతిలో 6 పిన్నుల కేబులు 75 వాట్లు, 8 పిన్నుల కేబులు 150 వాట్లు మోస్తాయి. స్లాటు ఇచ్చే 75కు వీటిని కలుపుకుంటూ పోతే కార్డుకు కావలసిన లెక్క తేలుతుంది.

కేబులు తగిలించలేదన్న సంగతి కార్డుకు ఎలా తెలుస్తుంది? ఇందులో మంత్రమేమీ లేదు. 8 పిన్నుల కనెక్టరులో 12 వోల్టుల విద్యుత్తు తెచ్చేవి మూడే. తక్కినవి తిరుగుదారి పిన్నులు. వాటిలో రెండింటికి మరొక పని కూడా ఉంది. అవి గ్రౌండుకు తగిలి ఉన్నాయా లేదా అని కార్డు చూసుకుంటుంది. రెండూ తగిలితే 8 పిన్నుల కేబులు వచ్చినట్టు. ఒకటే తగిలితే 6 పిన్నులది వచ్చినట్టు, అంటే 75 వాట్లకు మించి ఆశించరాదన్నమాట. ఏదీ తగలకపోతే ఎవరూ ఏమీ తగిలించలేదన్నమాట. అప్పుడు పైన చెప్పిన వాక్యం తెర మీదికి వస్తుంది. ఇంత చిన్న ఏర్పాటుతో ఇంత పెద్ద మేలు జరగడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఈ మర్యాద కొత్తది కాదు. 2002లో ఏటీఐ సంస్థ తెచ్చిన రేడియన్ 9700 ప్రో కార్డుకు ఫ్లాపీ డ్రైవుకు వాడే సన్నని నాలుగు పిన్నుల తీగ తగిలించాలి. మరచిపోతే ఆ సంగతిని తెర మీదే చెప్పేది. ఆ దశాబ్దంలో వచ్చిన కొన్ని కార్డుల మీద చిన్న బజరు ఉండేది. తీగ పెట్టకుండా మీట నొక్కితే ఇల్లంతా వినబడేట్టు కీచుమని అరిచేది. ఎన్విడియా డ్రైవరులో "సిస్టమ్ సెంటినెల్" అనే కాపలాదారు ఉండేవాడు. కార్డుకు చాలినంత విద్యుత్తు అందడం లేదనీ, హార్డువేరుకు హాని కలగకుండా వేగం తగ్గించుకున్నాననీ ఒక చిన్న పెట్టెలో విన్నవించుకునేవాడు. ఆ పెట్టెను మూసివేసి ఆట కొనసాగించినవారు మనలో ఎందరో ఉంటారు. ఈనాటి కార్డులలో కొన్నింటికి కనెక్టరు పక్కనే ఎర్రని చిన్న దీపం ఉంటుంది. విద్యుత్తు సరిగా అందకపోతే అది వెలుగుతుంది.

హెచ్చరికను మనం ఎలా ఆదరిస్తున్నామో చూద్దాం. పూర్వం మన ఇళ్ళలో ఫ్యూజు తరచుగా పోతూ ఉంటే, ఎందుకు పోతున్నదో విచారించడం మాని, సన్నని ఫ్యూజు వైరుకు బదులు రెండు మూడు పేటల రాగితీగ చుట్టి పెట్టేవారు. ఇక ఫ్యూజు పోదు. పోయేది ఇల్లే. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఆ రాగితీగ బుద్ధి మనల్ని ఇంకా వదలలేదు. ఎస్‌ఎంపీఎస్‌కు కావలసిన కేబులు లేకపోతే, అంగడిలో వంద రూపాయలో రెండు వందలో పెట్టి ఒక అడాప్టరు తెస్తారు. హార్డు డిస్కుకు వాడే సాటా పవర్ కొన ఒకవైపు, 6 పిన్నుల కొన మరోవైపు. తగిలించగానే తెర మీది వాక్యం మాయమవుతుంది. అందరూ సంతోషిస్తారు.

కాస్త లెక్క వేసి చూడండి. సాటా పవర్ కనెక్టరులో 12 వోల్టుల పిన్నులు మూడు. ఒక్కొక్కదాని శక్తి ఒకటిన్నర ఆంపియరు. మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాని రెండో కొన కార్డుకు ఇస్తున్న హామీ 75 వాట్లు. తన దగ్గర లేనిదాన్ని ఇస్తానని అప్పుపత్రం రాసినట్టు ఉంది. కార్డు అడిగిన ప్రశ్నకు మనం అబద్ధపు సాక్ష్యం చెప్పించాం. అది నమ్మింది. నమ్మి, పూర్తి వేగంతో ఆట మొదలయ్యాక తనకు హామీ ఇచ్చినంతా లాగుతుంది. అప్పుడు వేడెక్కేది ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల కంప్యూటర్లు అమర్చే పనివారిలో ఎంతో నేర్పరులున్నారు. వారిలో మంచివారు ఈ అడాప్టరును ముట్టుకోరు. అయితే కొనుగోలుదారు ధర దగ్గర పట్టుబట్టినప్పుడు మొట్టమొదట చిక్కిపోయేది ఎస్‌ఎంపీఎసే. ప్రాసెసరు పేరూ, కార్డు పేరూ అందరూ అడుగుతారు. ఎస్‌ఎంపీఎస్ ఏదని అడిగేవారు తక్కువ. క్యాబినెట్ అడుగున కనబడకుండా ఉండే వస్తువు గనుక దాని మీద మిగిల్చిన డబ్బు కూడా ఎవరి కంటా పడదు.

హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలో ఇక్కడ ఒక క్రమంలో చెబుతాను. ఇందులో ప్రతి మెట్టుకూ కారణముంది. కారణం తెలిస్తే మెట్టు మరపుకు రాదు.

1. ముందు కంప్యూటరును ఆపి, ఎస్‌ఎంపీఎస్ వెనుక మీటనూ గోడ మీది స్విచ్చినీ ఆపండి. ఒక నిమిషం ఆగండి. విద్యుత్తు ఉండగా కనెక్టరు కదిలించడం, నడుస్తున్న మోటారులో వేలు పెట్టడం వంటిదే.

2. కార్డు వైపు కొనను పూర్తిగా ఊడదీసి, టక్కుమని పట్టేదాకా మళ్ళీ తొడగండి. కేబుళ్ళు విడిగా వచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే రెండో కొన కూడా ఉంటుంది. అందరూ మరచేది దాన్నే. 6+2 అని రెండు ముక్కలుగా ఉండే కనెక్టరులో ఆ చిన్న రెండు పిన్నుల ముక్క పక్కకు జారి తొడగబడకపోవడం కూడా తరచుగా జరిగేదే. అప్పుడు కార్డుకు 8కి బదులు 6 మాత్రమే కనబడుతుంది.

3. ప్రాసెసరుకు ఉద్దేశించిన 8 పిన్నుల కేబులును గ్రాఫిక్స్ కార్డుకు బలవంతంగా తొడగకండి. చూడడానికి కవలపిల్లల్లా ఉంటాయి గాని, వాటిలో 12 వోల్టుల పిన్నులూ గ్రౌండు పిన్నులూ తారుమారుగా ఉంటాయి. పిన్నుల ఆకారాలు వేరుగా పెట్టింది ఒకదానిలో ఒకటి దూరకూడదనే. బలం ఉపయోగించవలసి వచ్చిందంటే కేబులు అది కాదన్నమాట.

4. ఒక ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబులును మరొక ఎస్‌ఎంపీఎస్‌కు వాడకండి. కార్డు వైపు కొనకు ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకు ఏ ప్రమాణమూ లేదు. ఒకే సంస్థ చేసిన రెండు నమూనాల మధ్య కూడా పిన్నుల వరుస మారవచ్చు. తొడిగితే సరిపోయినట్టే ఉంటుంది. మీట నొక్కాక తెలుస్తుంది.

5. కార్డుకు రెండు మూడు కనెక్టర్లు ఉంటే, ఒకే తీగకు వేలాడే జంట కొనలను వాడే బదులు దేనికదిగా విడి కేబుళ్ళు వేయండి. కొనలు రెండైనా మోసే తీగల కట్ట ఒక్కటే.

6. కేబులు సరిగానే ఉన్నా హెచ్చరిక మానకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. 12 వోల్టులు అంటే ఐదు శాతం అటూ ఇటూగా, 11.4 నుంచి 12.6 వరకు ఉండవచ్చు. కార్డు మీద భారం పడినప్పుడు అంతకంటె దిగజారుతూ ఉంటే అది ముసలిదైందన్నమాట, లేదా ఆ కార్డుకు చాలదన్నమాట. చేతనైతే మిత్రుల దగ్గర మరొక ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పరీక్షించడం అన్నిటికంటె నమ్మకమైన పద్ధతి.

7. అప్పటికీ పోకపోతే కార్డు మీది సాకెట్టును దీపం వేసి చూడండి. వంగిన పిన్ను, గోధుమరంగుకు తిరిగిన ప్లాస్టిక్, కాలిన వాసన, వీటిలో ఏది కనబడినా అక్కడితో ఆపి వారంటీ వైపు నడవండి. గీకి, రుద్ది మళ్ళీ తొడగడం వద్దు.

ఈ ఏడింటిలో హెచ్చరికను నోరు మూయించే మెట్టు ఒక్కటి కూడా లేదని గమనించగలరు. ప్రశ్నకు సరైన జవాబు దొరికినప్పుడు ప్రశ్న తనంతట తానే ఆగిపోతుంది.

ఇంతవరకు చెప్పినది వినియోగదారుడి బాధ్యత. ఇక రెండో పక్షం వారి సంగతి. అసలు అన్యాయం నాకు అక్కడే కనబడుతున్నది.

కార్డుల దాహం పెరిగేకొద్దీ 8 పిన్నుల కేబుళ్ళు మూడూ నాలుగూ తగిలించవలసి వచ్చింది. వాటన్నిటికీ బదులుగా 600 వాట్లు మోసే ఒకే చిన్న కనెక్టరును తెచ్చారు. దాని పేరు 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్. అందులో విద్యుత్తు తెచ్చే పిన్నులు ఆరు, తిరుగుదారి పిన్నులు ఆరు, కబురు చెప్పే చిన్న పిన్నులు నాలుగు. ఆలోచన బాగానే ఉంది. బల్ల మీద తీగల అడవి తగ్గుతుంది. అయితే లెక్క చూడండి. పాత 8 పిన్నుల కనెక్టరులో 150 వాట్లంటే పన్నెండున్నర ఆంపియర్లు. మూడు పిన్నుల మీద పంచితే ఒక్కొక్కదానికి నాలుగు ఆంపియర్లకు కాస్త పైన. ఆ పిన్ను మోయగలిగింది దానికి దాదాపు రెట్టింపు. అంటే ఒక పిన్ను సరిగా తగలకపోయినా తక్కినవి ఆదుకునే వెసులుబాటు ఉండేది. కొత్త దానిలో 600 వాట్లంటే 50 ఆంపియర్లు. ఆరింటి మీద పంచితే ఒక్కొక్కదానికి 8.3. ఆ పిన్ను మోయగలిగింది సుమారు 9.5. పదిమంది భోజనానికి పదకొండు విస్తళ్ళు సిద్ధం చేసినట్టుంది ఏర్పాటు. పిలవని చుట్టం ఇద్దరొస్తే చాలు, పరువు పోతుంది.

2022 అక్టోబరులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 విడుదలైంది. దాని దాహం 450 వాట్లు. నెల తిరగకముందే కనెక్టర్లు కరిగిపోయిన ఫోటోలు వెలువడడం మొదలైంది. ఆ నవంబరులో ఎన్విడియా తమ దృష్టికి వచ్చినవి ప్రపంచవ్యాప్తంగా సుమారు 50 అనీ, కనెక్టరును పూర్తిగా తొడగకపోవడమే వాటిలో ఉమ్మడిగా కనబడుతున్న కారణమనీ ప్రకటించింది. స్వతంత్రంగా పరీక్షలు జరిపిన గేమర్స్ నెక్సస్ వారు తొడగడంలోని లోపాన్ని ఒప్పుకుంటూనే, అలా తప్పుగా తొడగడానికి వీలిచ్చిన రూపకల్పనను కూడా తప్పుపట్టారు. నాకు రెండో మాట ముఖ్యంగా తోస్తుంది. సగం తొడిగినా పని చేసే కనెక్టరును చేసి, సగమే తొడిగారని వాడినవాడిని నిందించడం ఏ పాటి న్యాయం? గడియ పడకపోయినా మూసుకున్నట్టే కనబడే తలుపు చేసిన వడ్రంగి, దొంగతనం జరిగాక ఇంటివాడిని మందలించినట్టుంది.

2023లో ప్రమాణాన్ని సవరించారు. కొత్త రూపానికి 12వీ-2×6 అని పేరు పెట్టారు. కబురు చెప్పే పిన్నులను పొట్టి చేసి, విద్యుత్తు తెచ్చే పిన్నులను కొద్దిగా పొడిగించారు. దానివల్ల కేబులు పూర్తిగా లోపలికి పోతే తప్ప కబురు పిన్నులు తగలవు. అవి తగలకపోతే కార్డు విద్యుత్తు తీసుకోకూడదు. ఎంఎస్ఐ సంస్థ తన ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళ కొనకు పసుపురంగు వేసింది. పసుపు కనబడుతున్నదంటే ఇంకా లోపలికి నెట్టవలసి ఉందన్నమాట. ఇవి రెండూ నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే మార్పులు. హెచ్చరికకు మళ్ళీ గొంతు వచ్చింది. ముఖ్యంగా ఆ పసుపురంగుకు ఏ భాషా అక్కరలేదు.

కాని కథ అక్కడితో ముగియలేదు. 2025 జనవరి చివర 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చింది. అమెరికాలో దాని ప్రకటిత ధర 1,999 డాలర్లు. మన దేశంలో రెండు లక్షల రూపాయల పైమాటే. ఫిబ్రవరిలో డెర్‌బావర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన జర్మనీ నిపుణుడు రోమన్ హార్టుంగ్ తన సొంత కార్డును పరీక్షించి చూపించాడు. ఒక్కో తీగకు సుమారు 8 ఆంపియర్లు రావలసిన చోట ఒక తీగలో 20 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తున్నది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొన నిమిషాలలోనే 150 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కింది. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ప్రవాహం రెండున్నర రెట్లైతే వేడి ఆరు రెట్లు దాటుతుంది. ఇంత జరుగుతున్నా కార్డు కిమ్మనలేదు. ఎందుకంటే దానికి తెలియదు.

ఎందుకు తెలియదో చెప్పాలంటే నాకు పల్లకి గుర్తుకొస్తుంది. ఆరుగురు బోయీలు పల్లకి మోస్తున్నారు. వారిలో నలుగురు భుజం దించేస్తే బరువంతా ఇద్దరి మీద పడుతుంది. లోపల కూర్చున్నవారికి ఏమీ తెలియదు. పల్లకి సాగుతూనే ఉంటుంది, ఆ ఇద్దరూ కూలబడే వరకు. 2022 మార్చిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3090 టీఐ కూడా ఈ చిన్న కనెక్టరుతోనే, 450 వాట్లతోనే వచ్చింది. కాని దానిలో ఆరు పిన్నులను జంటలుగా మూడు వరుసలు చేసి, ఒక్కో వరుసలో వచ్చే ప్రవాహాన్ని విడివిడిగా కొలిచి, భారం సమంగా పంచేవారు. బోయీలను ఎవరో గమనిస్తున్నారన్నమాట. ఆ తరువాతి 4090లోనూ 5090లోనూ ఆరు పిన్నులనూ కార్డు మీదికి చేరగానే ఒకటిగా కలిపివేశారు. మొత్తం ఎంత వస్తున్నదో కార్డుకు తెలుస్తుంది. ఎవరు ఎంత మోస్తున్నారో తెలియదు. నాలుగు తీగలు నామమాత్రంగా తగిలి, రెండే మొత్తం మోస్తున్నా లెక్క సరిపోతుంది. తెర మీద ఏ వాక్యమూ రాదు.

నా వాదమంతా ఇక్కడే ఉంది. కబురు పిన్నులు అడిగే ప్రశ్న "తగిలించారా?" అన్నది మాత్రమే. 150 వాట్ల కాలంలో, రెట్టింపు వెసులుబాటు ఉన్న రోజులలో ఆ ఒక్క ప్రశ్న చాలింది. 600 వాట్ల కాలంలో, వెసులుబాటు ఆవగింజంతకు తగ్గిన తరువాత అడగవలసిన ప్రశ్న "అందరూ మోస్తున్నారా?" అన్నది. ప్రమాదం పెరిగినప్పుడు కాపలా కూడా పెరగాలి. ఇక్కడ ప్రమాదం పెరిగింది, ఉన్న కాపలాదారును పనిలో నుంచి తీసేశారు.

దీనికి వచ్చే జవాబులు నేనెరుగుదును. అమ్ముడైన కార్డులెన్ని, కరిగినవెన్ని అంటారు. ఆ లెక్క మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, కొలవని దాన్ని ఎలా లెక్కపెట్టారు? కరిగిన కనెక్టర్లే లెక్కలోకి వచ్చాయి. ఈ క్షణాన ఏ ఇంట్లో ఏ రెండు తీగలు ఆరింటి బరువు మోస్తున్నాయో ఎవరికీ తెలియదు, ఆ ఇంటివారికీ తెలియదు. రెండవది, కంప్యూటరు ఉండేది కర్మాగారంలో కాదు. పిల్లలు నిద్రపోయే గదిలో, పుస్తకాల బీరువా పక్కన. కాలినప్పుడు ఖరీదు వాట్లలోనూ డాలర్లలోనూ మాత్రమే ఉండదు. కేబుల్‌మాడ్ సంస్థ అమ్మిన మలుపు అడాప్టర్ల విషయంలో ఫిర్యాదులు 272 దాకా చేరాక, సుమారు 25,300 అడాప్టర్లను వెనక్కి తీసుకుంటున్నట్టు 2024 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషను ప్రకటించింది. నూటికి ఒకటి కంటె కాస్త ఎక్కువ. ఆ మాత్రానికే మొత్తం వెనక్కి తీసుకోవడం సరైనదే అయినప్పుడు, "తక్కువ" అన్న మాటను ఎక్కడ ఆపాలో ఆలోచించాలి.

ఇంకొక జవాబు ఖర్చు. ప్రతి పిన్నుకూ ఒక కొలత పెడితే బోర్డు మీద చోటు కావాలి, భాగాలు పెరుగుతాయి అంటారు. నిజమే. కాని చేయలేనిది కాదని ఏసుస్ సంస్థ తన ఆస్ట్రల్ 5090లో చేసి చూపించింది. ఆరు పిన్నులకూ విడివిడిగా కొలత పెట్టి, ఒకదానిలో ప్రవాహం హద్దు మీరితే తన సాఫ్ట్‌వేరు ద్వారా తెలియజేస్తున్నది. ఆ సాఫ్ట్‌వేరు నడుస్తూ ఉండాలన్న షరతు ఉన్నదనుకోండి, అయినా మార్గం ఉన్నదని తేలింది. రెండు లక్షల వస్తువులో కాపలాకు చోటు లేదనడం, మేడ కట్టి తలుపుకు డబ్బు చాలలేదన్నట్టు ఉంది. ఏఎండీ వారు 2022 డిసెంబరులో తెచ్చిన 355 వాట్ల ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌కు పాత 8 పిన్నుల కనెక్టర్లే రెండు పెట్టారు. చూడడానికి మోటుగా ఉన్నా, ఆ మోటుతనంలో భద్రత ఉంది.

మూడో అభ్యంతరం బలమైనది, నేను గౌరవించేది. హెచ్చరికలు ఎక్కువైతే ఎవరూ వినరు అన్నది. "నాన్నా పులి" కథ మనకు తెలియనిది కాదు. రోజుకు పది పెట్టెలు తెర మీదికి వచ్చి సరేనా, సరేనా అని అడుగుతూ ఉంటే పదకొండోది చదవకుండానే సరే అంటాం. దీనికి మందు హెచ్చరికలు మానివేయడం కాదు, మంచి హెచ్చరికలు రాయడం. ఏమి జరిగిందో, ఎందుకు ముఖ్యమో, ఏం చేయాలో చెప్పేది మంచి హెచ్చరిక. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన వాక్యం ఆ పరీక్షలో చాలావరకు నెగ్గుతుంది. "విద్యుత్ లోపం" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది నెగ్గదు.

మన భాష సంగతి కూడా ఒక మాట. ఆ వాక్యం కార్డులోని చిన్న చిప్పులో నిక్షిప్తమై, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా నిద్ర లేవకముందే తెర మీదికి వచ్చేది. అక్కడ తెలుగు అక్షరాలను గుణింతాలతో, వత్తులతో కూర్చే యంత్రాంగమే లేదు. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు విడిపోకుండా కనబడడానికి సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తే గనుక, ఆ కష్టం మనకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి అక్కడ తెలుగు లేదని నేను పంతం పట్టను. ఎర్రదీపం, పసుపుకొన, బజరు వంటి వాటికి అక్షరాలతో పని లేదు. కాని డ్రైవరుతో వచ్చే సాఫ్ట్‌వేరుకూ, పెట్టెలో పెట్టే కాగితానికీ ఆ సాకు చెల్లదు. ప్రాణానికీ ఆస్తికీ సంబంధించిన నాలుగు వాక్యాలు కొన్నవారి భాషలో ఉండాలని కోరడం అత్యాశ కాదు.

కొనబోయేవారికి నా సలహా ఇది. కార్డు వేగం గురించి అడిగే పది ప్రశ్నలలో ఒకటి తగ్గించుకుని, "ఈ కార్డు పిన్నుల భారాన్ని విడివిడిగా చూసుకుంటుందా?" అని అడగండి. అంగడివారికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుంటారు. వందమంది అడిగితే తయారుచేసేవారి దాకా పోతుంది. ఇప్పటికే ఆ కార్డు కొన్నవారు కేబులును టక్కుమనే దాకా తొడిగి, కనెక్టరు దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్ల మేర వంపు లేకుండా చూసుకుని, కార్డుతోనో ఎస్‌ఎంపీఎస్‌తోనో వచ్చిన కేబులునే వాడి, గంటసేపు ఆట నడిచాక ఒకసారి తీగల దగ్గర వెనుకచేతితో వేడి చూడండి. కార్డు అడగని ప్రశ్నను మన చెయ్యి అడగవలసి వచ్చింది. ఇది కార్డుకు గౌరవం కాదు గాని, మనకు క్షేమం.

మన పెద్దలు చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దన్నారు. చేతులు కాలబోతున్నాయని ముందే చెప్పేదాన్ని విసుక్కోకుండా వినడం మన వంతు. చెప్పకుండా కాలిపోయే దాన్ని చేసి, కాలాక నెపం మన మీద వేయకుండా ఉండడం తయారుచేసేవారి వంతు. మొదటిది ఈ రాత్రికే మన చేతిలో ఉంది. రెండోది మనం అడిగితేనే వస్తుంది.